పనస బెంచీ అడుగున పన్నెండు చిల్లులు

నలభై ఏళ్లకు పైగా చెక్క పని చేసి, మోకాళ్లు మొరాయించాక మానేసినవాణ్ణి. ఇప్పుడు కరెంటు రంపాలతో పనిచేస్తున్న కుర్రవాళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, మీరు చేసిన వాటిల్లో బాగా గుర్తున్న పని ఏదండీ అని అడుగుతుంటారు. చర్చి బెంచీల గురించో, రాజోలు వైపు ఓ పెద్దింటికి చేసిన సింహద్వారం గురించో చెబుతానని వాళ్ల ఆశ. వాటి గురించి చెప్పుకోవడం నాకూ సరదాయే. కాని నిజంగా గుర్తున్నది నేను చేసిన పని కాదు. ఇంకొకాయన చేసింది. దాన్ని నేను పాడుచేశాను. పొరపాటున కాదు, అసూయతో. ఇన్నేళ్లూ ఈ మాట నోటితో ఎవరికీ చెప్పలేకపోయాను కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

డెబ్బైల చివర్లో సంగతి. అమలాపురంలో కాలవ గట్టున మా షెడ్డు ఉండేది. పెద్దమేస్త్రి గారి కింద ఐదారుగురం పనిచేసేవాళ్లం. తలుపులు, కిటికీలు, పందిరి మంచాలు, బీరువాలు చేసేవాళ్లం. నేను చేరి అప్పటికి పదకొండేళ్లయింది. పెద్దమేస్త్రి గారికి అరవై దాటి చెయ్యి వణకడం మొదలైంది. ఆయన తర్వాత షెడ్డు ఎవరు చూస్తారన్నది ఎవరూ పైకి అనేవారు కాదు గాని, నా మటుకు నాకు ఆ జవాబు ఎప్పుడో తెలుసు. రోజూ అద్దంలో చూసుకుంటున్నాను కదా.

మా షెడ్డుకో ఆనవాయితీ ఉండేది. పెద్దమేస్త్రి గారి దగ్గర ఇత్తడి అంచు వేసిన మూలమట్టం ఒకటుండేది. రెండు చెక్కలు మూల దగ్గర సరిగ్గా కలిశాయో లేదో చూసుకునే పనిముట్టు అది. ఏ పనికి ఎవరు పెద్దగా ఉండాలో ఆయన నోటితో చెప్పేవారు కాదు. పొద్దున్నే వచ్చి ఆ మూలమట్టాన్ని ఎవరి పనిబల్ల మీద పెడితే ఆ పని వాళ్లది. మిగిలినవాళ్లు వాళ్లు చెప్పినట్టు చెయ్యాలి. నాలుగేళ్లుగా అది ఎక్కువగా నా బల్ల మీదే ఉండేది. ఇక అక్కడే ఉంటుందని నేను నమ్మేశాను.

అలాంటి రోజుల్లో ఆయన వచ్చాడు. రాజోలు అవతల ఏదో రేవులో పడవలు కట్టిన మనిషి. లారీలు పెరిగి, కాలవల్లో సరుకు పడవలు తగ్గిపోయి, కొత్త పడవ కట్టించుకునేవాళ్లు లేక, నలభయ్యో ఏట గోనెసంచిలో పనిముట్లు వేసుకుని మా షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. అందరూ ఆయన్ని పడవాయన అనేవారు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. పద్ధతి ప్రకారం అన్నయ్యగారూ అనాలి. నేను అనలేదు. ఏవండీ అనేవాణ్ణి. మా వైపు వాళ్లం కడుపు మండుతున్నా అండీ మాత్రం మానం. మనసులో వీడెవడురా బాబూ అనుకుంటూనే, కాఫీ తాగేరా అండీ అని ఆప్యాయంగా అడగగలం.

మొదట్లో అసూయ లేదు, చులకనే ఉండేది. ఆయన ఉలి మొద్దుగా ఉండేది. చిత్రిక పడితే చెక్క మీద అలలు కనిపించేవి. వార్నిషు వాసనకి దగ్గొచ్చి బయటికి పోయేవాడు. అదీగాక ఆయనకో పిచ్చి అలవాటు. స్టూలు గాని, బల్ల గాని, ఎవరు చేసింది కనిపించినా ముందు బోర్లించి అడుగు చూసేవాడు. పైన నేను అద్దంలా మెరిపించిన బల్లని తలకిందులు చేసి, కింద ఎవరూ చూడని చోట వేలు పెట్టి తడిమేవాడు. ఒకరోజు ఒళ్లు మండి, కింద ఏం వెతుకుతున్నారండీ, బంగారమా అని అడిగాను. షెడ్డంతా నవ్వింది. ఆయనకి కోపం రాలేదు.

"మా రేవులో పడవని నీళ్లలోకి దింపేముందు మేస్త్రి దాని అడుగున పడుకుని ఈ కొస నుంచి ఆ కొసకి చూసుకుంటాడండి. చూడకుండా దింపితే, ఆనక కారిన ప్రతి చుక్కా ఆయనదేనండి. ఆ మేకు ఎవరు కొట్టినా సరేనండి. అది అలవాటైపోయింది."

ఆ మాట అప్పుడు నాకు చాదస్తంలా అనిపించింది.

ఆ వేసవిలో మా పెద్దమేస్త్రి గారికి రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించినావిడ. అందరికీ టీచరు గారే. ఆవిడ భర్త తాలూకా ఆఫీసులో గుమస్తాగా చేసి దిగిపోయారు. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తారు, కూర్చుంటారు, కాని కూర్చున్న చోటు నుంచి లేవలేరు. మనిషికి మహా రోషం. ఎవరైనా చంకల కింద చేతులు వేసి లేపితే కళ్లు మూసుకునేవారట. ఇంటి ముందు ఆరుబయట సిమెంటు గచ్చు ఉంది. సాయంత్రం అక్కడ కూర్చుని వీధిలో పోయేవాళ్లని పలకరించాలని ఆయన కోరిక.

"కుర్చీ వేస్తే అందులోంచి లేపడానికి నేనో, పక్కింటివాళ్లో రావాలండి. ఆయనంతట ఆయన లేచే బెంచీ కావాలి. లోపలికీ బయటికీ మొయ్యలేం. ఎండకీ వానకీ అక్కడే ఉండాలి," అని టీచరు గారు చెప్పారు.

చెక్క వాళ్లదే. పెరట్లో పనస చెట్టు అంతకుముందు గాలివానకి పడిపోతే కోయించి, పశువుల పాకలో ఆరబెట్టి ఉంచారు. పసుపు పచ్చగా, గట్టిగా, చూడగానే చెయ్యి వేయాలనిపించే చెక్క. ఇంకో మాట కూడా ఆవిడ వెళ్తూ వెళ్తూ అన్నారు. వాళ్ల చర్చికి కొత్త బెంచీలు చేయించే ఆలోచన ఉందట, నలభై దాకా. ఆ పని చూసే కమిటీలో ఆవిడా ఉన్నారు. ఈ బెంచీ ఎలా నిలబడుతుందో చూసి మాట్లాడుకుందాం అన్నారు. నలభై బెంచీలంటే మా షెడ్డు పుట్టాక అంత పని రాలేదు. ఆ పనికి పెద్దగా నిలబడినవాడే షెడ్డుకి పెద్ద అవుతాడని చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది.

కొలతలకి పెద్దమేస్త్రి గారు మా ఇద్దర్నీ పంపారు. నేను గచ్చు పొడవు, వెడల్పు, గోడకి ఎంత దూరం, అన్నీ టేపుతో కొలిచి కాగితం మీద బెంచీ బొమ్మ గీశాను. వీపు ఆనే చోట తామర పువ్వు, రెండు పక్కలా లతలు. టీచరు గారికి చూపిస్తే చాలా బాగుందన్నారు. ఈలోగా పడవాయన టీచరు గారి భర్త, ఆ పెద్దాయన పక్కన గొంతుక్కూర్చుని, ఓ నాలుగు ఇటుకలు ఇప్పిస్తారా అండీ అని అడిగాడు. రెండు వరసలు పేర్చి, పైన చెక్క వేసి, పెద్దాయన్ని కూర్చోబెట్టి లేవమన్నాడు. లేవలేదు. ఒక వరస పెంచాడు. మళ్లీ కూర్చోబెట్టాడు. ఇంకో వరస. పెద్దాయన మొహం ఎర్రబడింది గాని విసుక్కోలేదు. ఆయన ఎడమచేతికి ఆసరాగా పడవాయన తన భుజం ఇచ్చి, ఆయన వేళ్లు ఎక్కడ బిగుసుకుంటున్నాయో సుద్దముక్కతో తన చొక్కా మీదే గీత పెట్టుకున్నాడు. ఆరో వరస దగ్గర పెద్దాయన లేచి నిలబడ్డారు.

టీచరు గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నా బొమ్మ గాలికి గచ్చు మీద దొర్లుకుంటూ పోయి కనకాంబరం మొక్కల్లో పడింది. దాన్ని ఎవరూ తియ్యలేదు. నేనే వంగి తీసుకున్నాను.

మర్నాడు పొద్దున మూలమట్టం పడవాయన బల్ల మీద ఉంది.

అసూయ అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. అంతకుముందు అది కథల్లో సవతులకే ఉంటుందనుకునేవాణ్ణి. అన్నం సయించలేదు. ఆయన నవ్వితే మంట, మాట్లాడితే మంట, మాట్లాడకపోతే ఇంకా మంట. ఇంటికెళ్లి మా ఆవిడ దగ్గర గంటసేపు వెళ్లగక్కాను. పడవలు కట్టుకునేవాడికి ఇంటి సామాను తెలుస్తుందా, తామర పువ్వు చెక్కమంటే చెక్కగలడా అని. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విని, "మీ బొమ్మలో తామర పువ్వుంది గాని ఆ పెద్దాయన లేరు కదండీ," అంది. వారం రోజులు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు.

బెంచీ తయారవుతుంటే నేను దాని చుట్టూ తిరిగేవాణ్ణి. సాయానికని పైకి చెప్పేవాణ్ణి గాని, ఎక్కడైనా వెంట్రుకవాసి సందు కనిపిస్తుందేమోనని వెతికేవాణ్ణి. కనిపించలేదు. కూర్చునే చోట ముందు ఒక అడ్డకర్ర, వెనక ఒక అడ్డకర్ర. వాటి లోపలివైపు పొడుగునా గాడి తీసి, బద్దల కొసలు ఆ గాడిలో కూర్చోబెట్టాడు. బద్దకీ బద్దకీ మధ్య వేలెడు సందు. ఎడమ పక్కన చెయ్యి ఆనించుకునే కర్రని ముందుకి సాగదీసి, దాని చివర తెడ్డు పిడిలా గుండ్రంగా చెక్కాడు. పెద్దాయన వేళ్ల గీతలు తన చొక్కా మీదున్నాయి కదా, ఆ కొలతకే. తర్వాత బర్మాతో గాడి అడుగు నుంచి కిందికి చిల్లులు వేశాడు. పెన్సిలు పట్టేంత చిల్లులు, ముందు ఆరు, వెనక ఆరు.

ఇవెందుకండీ, చెదలు తిన్నట్టున్నాయి అన్నాను. వాన నీళ్లు బద్దల మీంచి గాడిలోకి దిగుతాయండి, ఎంత బిగించినా దిగుతాయి, వచ్చిన నీళ్లకి పోయే దారి ఉంటే చెక్కకి ఏం కాదు, దారి లేకపోతే లోపల్లోపలే నాని మెత్తబడిపోతుంది అని వివరంగా చెప్పాడు. నేను వేరే వైపు చూస్తూ విన్నాను. విన్నానన్నది మీరు గుర్తుపెట్టుకోవాలి. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

ఇక వార్నిషు పని ఒక్కటే మిగిలి ఉండగా పడవాయన వాళ్ల అమ్మ పోయిందని ఊరి నుంచి కబురొచ్చింది. సంచి భుజాన వేసుకుని వెళ్లబోతూ నా బల్ల దగ్గర ఆగాడు.

"వార్నిషు మీ చేతిలో పడితేనే అందమండి. ఆ చిల్లులు మాత్రం మూసుకుపోకుండా చూడండి. పంపేముందు ఓసారి అడుగు చూడండి."

తల్లి పోయిన మనిషి నన్ను మెచ్చుకుని వెళ్తున్నాడు. ఆ మెచ్చుకోలు నాకు దానం చేసినట్టనిపించి ఇంకా మండింది.

రెండ్రోజులు వార్నిషు వేశాను. మూడో రోజు బెంచీని బోర్లించి అడుగు పని చూస్తుంటే, ఒక చిల్లు అంచున వార్నిషు బొట్టుకట్టి వికారంగా ఆరింది. దాన్ని గీకి, చుట్టూ సాపు చేద్దామని కాస్త లప్పం పెట్టాను. సుద్దపొడి నూనెలో కలిపి చెక్కలో గుంటలు పూడ్చే ముద్ద అది. చిల్లు మూసుకుపోయింది. అక్కడితో ఆగొచ్చు. పుల్లతో పొడిస్తే ఊడిపోయేది. కాని అది మూసుకున్నాక ఆ చోటు ఎంత నున్నగా ఉందో చూసి, పక్కది కూడా మూశాను. తర్వాత ఇంకోటి. లప్పంలో కాస్త పసుపు రంగు కలిపితే పనస చెక్కలో కలిసిపోయింది. పన్నెండూ మూసేదాకా ఆగలేదు. ఒక్కొక్కటీ మూస్తుంటే ఆయన నోరు మూస్తున్నంత హాయిగా ఉంది. పైన రెండు పూతలు వార్నిషు వేశాను.

బెంచీని రిక్షా బండి మీద వేయించుకుని నేనే తీసుకెళ్లాను. గచ్చు మీద దింపి, పెద్దాయన్ని కూర్చోమన్నాం. ఆయన కూర్చున్నారు. ఎడమచేత్తో ఆ తెడ్డు పిడి పట్టుకున్నారు. ఎవరూ సాయం రాకుండా లేచి నిలబడ్డారు. సగం మొహంతో నవ్వారు. మళ్లీ కూర్చుని మళ్లీ లేచారు. అలా ఐదారుసార్లు. టీచరు గారు బెంచీ మీద చెయ్యి వేసి, గాజులా ఉందండీ, మీ చేతి చలవ అన్నారు. ఆ మాట నేను తీసుకున్నాను. బెంచీ చేసినాయన పేరు చెప్పలేదు.

కర్మకాండలు ముగించుకుని, గుండుతో తిరిగొచ్చిన రోజున పడవాయన నన్ను అడిగింది ఒక్కటే.

"అడుగు చూసేరా అండీ?"

"ఆయ్, చూసేనండి," అన్నాను.

ఆయన నమ్మాడు. వెళ్లి చూసొస్తానని కూడా అనలేదు. నామీద అంత నమ్మకం ఎందుకు పెట్టుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చర్చి వాళ్లు తొందరపడలేదు. ఈ బెంచీ రెండు వానాకాలాలు తడిశాక మాట్లాడదాం అన్నారట. ఆ రెండేళ్లూ మూలమట్టం పడవాయన బల్ల మీదే ఎక్కువగా కనిపించేది. నేను ఆయన చెప్పిన కొలతలకి చెక్కలు కోసేవాణ్ణి. వాన పడినప్పుడల్లా నాకు రెండు రకాలుగా ఉండేది, కాస్త భయం, కాస్త ఆశ. దాచుకోవడం దేనికి, ఆశే ఎక్కువ. ఆ పెద్దాయన వీధిలో పోయేవాళ్లని పలకరిస్తూ కూర్చునేవారు, నన్ను చూస్తే ఎడమచెయ్యి ఎత్తేవారు. నేను కూడా నమస్కారం పెట్టి, ఒక కంటితో వెనక అడ్డకర్ర వైపు చూసి పోయేవాణ్ణి.

రెండో ఏడు దసరా ముందు వానలు వారం పాటు కురిసి ఒక మధ్యాహ్నం తెరిపి ఇచ్చాయి. టీచరు గారింటి నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు. బెంచీ విరిగింది. పెద్దాయన కూర్చోబోతుంటే వెనక అడ్డకర్ర పుచ్చు కొబ్బరి మట్టలా ఊడిపోయి వెనక్కి పడ్డారు. చెయ్యి ఆనించుకోబోయి మణికట్టు విరిగింది. ఎడమ మణికట్టు. ఆయనకున్న ఒక్క చెయ్యీ అదే.

పెద్దమేస్త్రి గారు, పడవాయన, నేను వెళ్లాం. లోపల పెద్దాయన మూలుగు వినిపిస్తోంది. టీచరు గారు గుమ్మంలో నిలబడ్డారు. పడవాయన తడి గచ్చు మీద వెల్లకిలా పడుకుని బెంచీ కిందికి దూరాడు. బొటనవేలి గోరుతో దేన్నో గీకుతున్న చప్పుడు వినిపించింది. పసుపు రంగు లప్పం పెంకు ఒకటి ఆయన గుండెల మీద పడింది. దాన్ని వేళ్లతో తీసుకుని చూసి, అక్కణ్ణుంచే తల తిప్పి నావైపు చూశాడు. కోపంగా చూస్తే నేనూ ఎదురు మాట్లాడేవాణ్ణేమో. కొత్త చెక్క ఎటు పగులుతుందో చూసినట్టు చూశాడు.

ఏమైందయ్యా అని పెద్దమేస్త్రి గారు అడిగారు. పడవాయన లప్పం పెంకుని గుప్పిట్లో మూసి, బయటికొచ్చి లేచి నిలబడ్డాడు. వీపంతా తడి.

"నీళ్లు పోక చెక్క నానిపోయిందండి."

"పోయే దారి పెట్టేనన్నావు కదా?"

"పెట్టేనండి. అడుగు చూడకుండా పంపించేను. నాదేనండి."

నేను నోరు తెరవడానికి అదే సమయం. నేను పక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో నిలబడ్డాను. మూసింది నేనేనండీ అంటే సరిపోయేది. ఆ మాటలు నా గొంతు దాకా వచ్చాయని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది గాని, రాలేదు. నేను పెద్దమేస్త్రి గారి మొహం చూస్తున్నాను. ఆ మొహంలో పడవాయన మీద నమ్మకం తగ్గుతుంటే లెక్కపెట్టుకుంటున్నాను.

మర్నాడు పొద్దున మూలమట్టం నా బల్ల మీద ఉంది. చేతిలోకి తీసుకున్నాను. సంతోషించాను కూడా. ఆ సంతోషం ఆ పూట మధ్యాహ్నం దాకా ఉంది.

షెడ్డుకి తెచ్చిన బెంచీ బాగుచేయడానికి ఇప్పుడు నేను పెద్ద, ఆయన సాయం. వెనక అడ్డకర్ర కొత్తది చేశాం. ఆరు చిల్లులూ ఆయనే వేశాడు. బద్దలు కాస్త వెనక్కి వాలి ఉండటంతో నీళ్లు వెనకే చేరాయి, ముందు అడ్డకర్ర చెడలేదు, దాన్ని అలాగే ఉంచొచ్చు. దాని అడుగున ఆరు చిల్లులు ఇంకా లప్పం కింద ఉన్నాయి. షెడ్డులో మిగిలినవాళ్లు భోజనాలకి వెళ్లారు. ఆయన బర్మా నా చేతికిచ్చాడు.

"ముందువైపువి మీరు తియ్యండి. ఎక్కడున్నాయో మీకు తెలుసు కదండీ."

అంతే అన్నాడు. వెళ్లి కాలవ వైపు తిరిగి కూర్చుని కేరేజీ విప్పుకున్నాడు. నేను తీశాను. రెండు చిల్లులు వంకరపోయాయి.

నెల తిరక్కుండా ఆయన మా షెడ్డు మానేశాడు. రావులపాలెంలో లారీలకి చెక్క బాడీలు కట్టే షెడ్డులో చేరాడని విన్నాం. ఎవరూ పొమ్మనలేదు. మేస్త్రిగా తప్పు ఒప్పుకున్నాక ఇక ఆ షెడ్డులో ఉండకూడదనుకున్నాడేమో. చర్చి బెంచీల పని మాకే వచ్చింది, నేను పెద్దగా నిలబడి నలభయ్యీ చేశాను. ప్రతి బెంచీనీ పంపేముందు బోర్లించి అడుగు చూసేవాణ్ణి. ఎంత శ్రద్ధో అని అందరూ అనేవారు. పెద్దమేస్త్రి గారు పోయాక షెడ్డు నా చేతికొచ్చింది. కోరుకున్నదంతా దొరికింది. అసూయ మాత్రం తగ్గలేదు. ఇదివరకు ఆయన పనితనం మీద ఉండేది. తర్వాత, నాదేనండీ అని ఆయన అంత తేలిగ్గా అనగలిగాడే, దాని మీద పడింది. రావులపాలెం మీదుగా బస్సులో వెళ్లాల్సి వస్తే ఆ షెడ్డు లేని వైపు కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి.

ఎనభైలు ముగుస్తుండగా, ఒక ఏడు తొలకరికి ముందు టీచరు గారు కబురు పెట్టారు. పెద్దాయన పోయి అప్పటికి మూడేళ్లు. బెంచీ అదే గచ్చు మీద ఉంది. వార్నిషు ఎప్పుడో పోయి బూడిద రంగుకి తిరిగింది, కాని రాయిలా ఉంది. తెడ్డు పిడి ఒక్కటి పెద్దాయన చేతి రాపిడికి నునుపుదేలి ఉంది. టీచరు గారు దాని మీద కూర్చుని ఉన్నారు. నన్నూ కూర్చోమన్నారు. నేను నిలబడే ఉన్నాను.

అప్పుడు ఆవిడ చెప్పారు. మణికట్టు అతికాక కూడా పెద్దాయన బెంచీ మీద కూర్చోనని నెలల తరబడి మంచం దిగలేదట. పడవాయన ప్రతి ఆదివారం రావులపాలెం నుంచి బస్సులో వచ్చి, ఏమీ అనకుండా తనే బెంచీ మీద ఒక కొసన కూర్చునేవాడట. నాలుగైదు ఆదివారాలు అలా కూర్చుని వెళ్లాక, ఒకరోజు పెద్దాయన తనంతట తనే కర్ర పట్టుకుని వచ్చి ఆయన పక్కన కూర్చున్నారట. ఆ తర్వాత ఏడాదికోసారి, వానలకి ముందు వచ్చి, వెల్లకిలా పడుకుని, కొబ్బరి ఈనెతో చిల్లులన్నీ పొడిచి వెళ్లేవాడట. పెద్దాయన పోయాక కూడా మానలేదు. అప్పటిదాకా నాకు ఇవేమీ తెలియవు.

"ఈ ఏడు నడుం పట్టేసిందటండి, వంగలేకపోతున్నారట. మనిషితో చెప్పి పంపేరు. షెడ్డులో మేస్త్రి గార్ని పిలవండి, ఆ చిల్లులు ఎక్కడున్నాయో ఆయనకి తెలుసు అన్నారట."

ఇంకేమైనా చెప్పేరా అండీ అని అడిగాను. ఏం వినాలని అడిగానో నాకే తెలియదు.

"మీరు వార్నిషు బాగా వేస్తారని చెప్పేరు," అన్నారావిడ.

చీపురులోంచి ఒక ఈనె తీసుకుని, చొక్కా విప్పి పక్కన పెట్టి, గచ్చు మీద వెల్లకిలా పడుకుని బెంచీ కిందికి దూరాను. అన్నేళ్ల పనిలో ఒక వస్తువుని అడుగున పడుకుని చూడటం నాకు అదే మొదటిసారి. నేను ఎప్పుడూ వస్తువుని బోర్లించేవాణ్ణి గాని నేను పడుకోలేదు. వెనక ఆరు చిల్లులు దారం పట్టి వేసినట్టు ఒకే వరసలో ఉన్నాయి. ముందు ఆరింటిలో రెండు వంకరగా ఉన్నాయి. అంత సిగ్గులోనూ, ఆ వెనక వరస చూసి నాకు మళ్లీ అసూయ పుట్టింది. ఈనె ఒక్కొక్క దాంట్లో పెట్టి పొడిచాను. మట్టి, ఎండిన ఆకుల పొడి, చచ్చిన చీమలు నా కళ్లల్లో, గడ్డంలో పడ్డాయి. పన్నెండింటిలోంచీ సన్నటి వెలుతురు వచ్చింది.

ఆవిడకి చెప్పేద్దామనుకున్నాను. లేచి పక్కన నిలబడ్డ ఆవిడ చెప్పులు, చీర అంచు మాత్రం కనిపిస్తున్నాయి. మొహం కనిపించనప్పుడు చెప్పడం తేలికనిపించింది. నోరు తెరిచాను. అంతలో ఆవిడే కాస్త వంగి, "అడుగంతా చూసేరా అండీ?" అని అడిగారు.

నేను చివరి చిల్లులో ఈనె ఇంకోసారి పెట్టి తీశాను.

"ఆయ్. చూసేనండి," అన్నాను. ఈసారి చూశాను.